సైకియాట్రీ వార్డులో నర్సు పని: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్ళు సైకియాట్రీ వార్డులో డ్యూటీలు చేసి, ఇప్పుడు తిరుపతిలో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. ప్రతి బ్యాచ్ పోస్టింగుకు ముందు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంది. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న ఇంటివాళ్ళు అడిగేవీ కొన్ని ఉన్నాయి. అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మందుల మోతాదులు మాత్రం ఇక్కడ వెతక్కండి, అది మీ డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతి.

సూదులు, సెలైన్లు లేని వార్డులో నర్సుకు పనేముంటుంది?

డాక్టరు రౌండ్లో ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలుంటారు. మిగతా ఇరవై మూడు గంటల యాభై నిమిషాలూ ఆ మనిషిని చూసేది నర్సే. ఎన్ని ఇడ్లీలు తిన్నాడు, తల దువ్వుకున్నాడా, ఎవరూ లేని మూలకు తిరిగి పెదాలు కదుపుతున్నాడా, మాత్ర మింగాడా లేక బుగ్గలో దాచుకున్నాడా, ఇవన్నీ కనిపెట్టి చూసింది చూసినట్టు కేస్ షీట్లో రాయడం సగం పని. రెండో సగం మాట్లాడటం, అంతకన్నా ఎక్కువ వినడం.

చూసింది చూసినట్టు అన్నాను కదా, అది అంత తేలిక కాదు. నేను స్టూడెంటుగా ఉన్నప్పుడు, ఏ ఆసుపత్రో చెప్పను, మొదటి నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన రాత్రంతా గోడవైపు తిరిగి కదలకుండా పడుకున్నాడు. గంటకోసారి టార్చి వేసి చూశాను. తెల్లారి 'రాత్రి బాగా నిద్రపోయారు' అని రాసేశాను. కాఫీ ఇస్తుంటే ఆయన అన్నాడు: "ఆ ఫ్యాను తిరిగినప్పుడల్లా టక్కుమంటాది పాపా. మూడు వేల దాకా లెక్కపెట్టినా. మళ్ళా మొదట్నించి పెట్టినా." వెళ్ళి ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాను. ఆమె తిట్టలేదు. "కళ్ళు మూసుకోని ఉండేది చూసినావు. నిద్ర చూసినావా?" అని పెన్ను నా చేతికిచ్చింది. కింద మళ్ళీ రాశాను: 'రాత్రి 10 నుంచి 5 వరకు కళ్ళు మూసుకుని మంచం మీదే ఉన్నారు. నిద్ర పట్టలేదని, ఫ్యాను చప్పుడు లెక్కపెట్టానని ఉదయం 6కి తనే చెప్పారు.' రౌండ్లో డాక్టరు ఆ రెండో రాత చదివాకే ఆయన మందు మార్చారు.

'అగ్రెసివ్', 'మొండి' అని రాస్తే తప్పేంటి?

అవి మీ అభిప్రాయాలు, చూసిన సంగతులు కావు. 'మధ్యాహ్నం 1.20కి పళ్ళెం తోసేశారు. ఇందులో మందు కలిపారు అని రెండుసార్లు అన్నారు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు' అని రాయండి. తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్ 'అగ్రెసివ్' అన్న మాట చదివితే దూరంగా నిలబడుతుంది. ఈ మూడు వాక్యాలు చదివితే భోజనం ఎలా పెట్టాలా అని ఆలోచిస్తుంది.

పెప్లావ్ సిద్ధాంతం పరీక్షకే తప్ప వార్డులో పనికొస్తుందా?

వస్తుంది. హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు 1952లో తన సిద్ధాంతాన్ని ప్రకటించింది. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగం అంది. మానసిక జబ్బుల చికిత్సను మార్చేసిన క్లోర్‌ప్రొమజీన్ మందు వాడకంలోకి వచ్చిందీ అదే ఏడాది. అంతకుముందు పిచ్చాసుపత్రుల్లో కాపలా, తాళంచెవులు, స్నానాలు, ఇంతవరకే ఎక్కువచోట్ల నర్సు పని. మందుతో అరుపులు తగ్గాయి, పక్కన కూర్చుని మాట్లాడే వీలు వచ్చింది. మాట్లాడటం కూడా ఒక విద్యేనని చెప్పడానికి ఆమె సరిగ్గా ఆ సమయానికే ఉంది. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆమె చెప్పినవాటిలో నాకు నచ్చింది ఒకటుంది. రోగి ముందు నర్సు మొదట వేసే పాత్ర కొత్త మనిషి పాత్రట. మనవాళ్ళు వార్డులో అడుగు పెట్టగానే "ఏం తాతా, బాగుండావా" అని చనువు తీసుకుంటారు. ఆయనకు మీరెవరో తెలియదు. ముందు పేరు చెప్పండి, ఎన్నిరోజులుంటారో చెప్పండి. పుస్తకంలో పరిచయ దశ, పని దశ, ముగింపు దశ అని మూడు చదువుకుంటారు కదా, మూడోది మొదటిరోజే మొదలవుతుంది. "నేను ఈ శనివారం వరకే వస్తాను పెద్దాయనా" అని ముందే చెప్పకపోతే, సోమవారం మీకోసం ఎదురుచూసి అన్నం మానేసేవాళ్ళుంటారు.

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్ మన ఊరివాళ్ళకు సరిపోతుందా?

రోగి వాలకం, మాట, ఆలోచన, లెక్క, కాలజ్ఞానం ఎలా ఉన్నాయో అడిగి చూసి రాసే పరీక్ష ఇది. సరిపోతుంది, కానీ మన ఊరిని బట్టి సర్దుకోవాలి. మొదటి అంశం వేషం, వాలకం. ఇంకో ఊళ్ళో ఆడమనిషి గుండుతో వస్తే నర్సు తప్పకుండా గమనించి రాసుకుంటుంది. తిరుపతిలో గుండుకు అర్థం మొక్కు తీరిందని, అంతే. ఎప్పుడు చేయించుకున్నారు, ఎవరితో కలిసి వెళ్ళారు అని మాత్రం అడగండి. వారం రోజుల్లో మూడుసార్లు చేయించుకున్నానంటే అప్పుడు రాసుకోవాల్సిన విషయమే.

కాలం తెలుస్తోందా అని చూడటానికి ఇంగ్లిషు తేదీ అడిగితే పల్లెటూరి అవ్వ చెప్పలేదు. అంతమాత్రాన మతి తప్పినట్టు కాదు. అమావాస్య పోయి ఎన్నిరోజులైంది, మీ ఊరి సంత ఏ వారం అని అడగండి, ఠక్కున చెప్తుంది. వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవడం బడి మొహం చూడనివాళ్ళకు శిక్ష. "వంద రూపాయలిచ్చి ముప్పై ఐదు రూపాయల పాలు తీసుకుంటే ఎంత చిల్లర రావాల?" అంటే లెక్క తేలిపోతుంది. పాడి ఉన్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో, ఈ లెక్క రాని ఇల్లాలు అరుదు.

సామెతకు అర్థం అడిగేది లోతుగా ఆలోచించగలరా అని చూడటానికి. 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటే ఏంటని ఒకాయన్ని అడిగితే, "చెట్టు పెద్దదైతే తాడేసి లాగాల" అన్నాడు. ఆ జవాబు అక్షరం మార్చకుండా రాయాలి. ఆయన కొబ్బరి చెట్లెక్కే మనిషి అన్న సంగతి కూడా పక్కన రాయాలి. లేకపోతే చదివినవాళ్ళు జబ్బు తీవ్రతను ఎక్కువగా లెక్కేస్తారు.

ఇంకొకటి. కుప్పం, నగరి, చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళలో ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళుంటారు. తెలుగులో తడబడితే ఆలోచన తెగిపోతోందని రాసేయకండి. ముందు ఇంటి భాష అడగండి.

గంగమ్మ జాతరలో పూనకం వస్తే అది జబ్బా?

కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషం కట్టి, పూనకంతో ఊగి, మర్నాడు పొద్దున్నే అంగడి తెరిచే మనిషికి జబ్బు ఎక్కడుంది? ఊరు ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న రోజున వచ్చి, దానంతట అదే దిగిపోయేది ఆచారం. జాతర అయిపోయి నెలైనా దిగక, నిద్ర లేక, పిల్లలకు అన్నం పెట్టక, ఊరే భయపడుతుంటే చూపించాలి. మధ్యలో ఉండే కేసులే కష్టం. అప్పుడు ఇంటివాళ్ళనే అడగండి: "ఇంతకుముందు వచ్చే పూనకానికీ దీనికీ తేడా ఏమైనా తెలుస్తా ఉందా?" వాళ్ళకు తెలుస్తుంది.

అన్నంలో విషం కలిపారంటున్నాడు. లేదని వాదించాలా, ఔననాలా?

రెండూ వద్దు. వాదిస్తే మీరూ ఆ కుట్రలో ఉన్నారనుకుంటాడు. ఔనంటే భయం బలపడుతుంది. భ్రమకు తగ్గట్టు కాదు, దాని కింద ఉన్న భయానికి జవాబు చెప్పాలి. "నాకైతే సాంబారులో ఏమీ కనపడలేదు. కానీ మీకు తినాలంటే భయంగా ఉందని తెలుస్తా ఉంది. తొక్క తీయని అరటిపండు తెస్తాను, మీరే వలుచుకుంటారా?" పెంకుతో ఉడకబెట్టిన గుడ్డు, మూత తీయని నీళ్ళ సీసా, విప్పని బిస్కెట్ ప్యాకెట్ కూడా పనికొస్తాయి. 'ముందు నేను తిని చూపిస్తా' అని వాళ్ళ పళ్ళెంలోంచి తినకండి. రేపటి నుంచి ప్రతి ముద్దా మీరే తినాల్సి వస్తుంది.

చెవిలో మాటలు వినపడుతున్నాయంటే, ఏం చెప్తున్నాయో తప్పకుండా అడగండి. తిడుతుంటే ఒక సంగతి, 'దూకు', 'కొట్టు' అని ఆజ్ఞాపిస్తుంటే ఇంకో సంగతి. రెండోదైతే ఆ నిమిషమే డాక్టరుకు తెలియాలి.

'చనిపోవాలని అనిపిస్తోందా' అని నేరుగా అడగొచ్చా? లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

అడగాలి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. చాలామందికి అడిగే మనిషి దొరికిందని బరువు దిగుతుంది. మనవైపు 'దిగులుగా ఉంది' అని ఎవరూ చెప్పరు. గుండె దడ, తలలో మంట, నడుము లాగుతోంది అంటారు. ఓపీలో మూడు నెలలుగా 'గ్యాసు' మాత్రలు వాడుతున్నవాళ్ళను కొంచెం కూర్చోబెట్టి అడిగితే అప్పు సంగతో, పంట సంగతో, కూతురి సంగతో బయటికొస్తుంది. అక్కడి నుంచి మెల్లగా "బతకబుద్ధి కావడం లేదా?", "ఎట్లా చేసుకోవాలని అనుకున్నారు?", "ఆ మందు ఇంట్లో ఉండాదా?" అని మెట్టు మెట్టుగా దిగాలి. ఎలా అన్నది ఆలోచించి, వస్తువు దగ్గర పెట్టుకున్న మనిషిని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

"ఎవరికీ చెప్పొద్దు సిస్టర్, నీకొక్కదానికే చెప్తా" అంటే ఒప్పుకోకండి. "మీ ప్రాణానికి సంబంధించిందైతే డాక్టరుగారికి చెప్పాలి, మిగతాది నా దగ్గరే ఉంటుంది" అని ముందే చెప్పేయండి. కొందరు అక్కడితో ఆగిపోతారు, ఫరవాలేదు. కాసేపటికి మళ్ళీ వస్తారు.

ఇంటివాళ్ళకు రెండు పనులు. పురుగుమందు డబ్బా, ఎలుకల మందు, హెయిర్ డై ఇంట్లో ఉంచకండి. రాయలసీమ ఎమర్జెన్సీ వార్డుల్లో హెయిర్ డై తాగి గొంతు వాచి వచ్చే కేసులు ఎంత మామూలో అక్కడ పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. రెండోది, డిప్రెషన్ మాత్రలు పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొందరిలో మనసు బాగుపడకముందే ఒంట్లో ఓపిక వస్తుంది. లేచి తిరుగుతున్నాడు కదా అని నిఘా వదిలేయడానికి అది సమయం కాదు.

రాత్రి పూట ఎవరూ దొరక్కపోతే టెలీ మానస్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చట్టానికి భయపడి దాచిపెట్టకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని తీవ్రమైన ఒత్తిడి కిందే చూడమంది. శిక్ష వేసే పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో లేదు.

మాల వేసుకుని తాగుడు మానేశాడు, రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. స్వామి ఆగ్రహమా?

కాదండీ. ఏళ్ళ తరబడి రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే తిరగబడుతుంది. ఆరేడు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గాబరా మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పాములు, పురుగులు కనపడతాయి, ఎక్కడున్నాడో తెలియదు, జ్వరం వస్తుంది. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, ప్రాణం తీస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో మాలల కాలం కాబట్టి మేం దీనికి సిద్ధంగా ఉంటాం. మానడం మంచిదే, ఎక్కువ తాగేవాళ్ళు మాల వేసుకోవడానికి వారం ముందే డాక్టరు దగ్గరికి వచ్చి మానండి.

నర్సులకు ఒక మాట: ఇలాంటి మనిషికి గ్లూకోజ్ ఎక్కించేముందు థయమిన్ (బీ1 విటమిన్) పడిందా అని చూసుకోండి. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్. గదిలో లైటు ఆర్పకండి, నీడలే వాళ్ళకు పాములవుతాయి.

ఇంజెక్షన్ వేయించుకున్న రాత్రి మెడ ఒకపక్కకు తిరిగిపోయింది, కళ్ళు పైకి నిలబడ్డాయి. దయ్యం పట్టిందా?

మందు పట్టింది. ఉన్మాదం, భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ లాంటి మందులతో కొందరికి, ముఖ్యంగా వయసు కుర్రాళ్ళకు, కండరాలు బిగుసుకుంటాయి. చూడటానికి భయంగా ఉంటుంది కానీ విరుగుడు ఇంజెక్షన్ పడితే సాధారణంగా అరగంటలోపే సర్దుకుంటుంది. వెంటనే తీసుకురండి, దిష్టి తర్వాత తీసుకోవచ్చు.

దీనికి చెల్లెలు లాంటిది ఇంకోటుంది, దాన్ని నర్సులే పొరబడతారు. మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, కాళ్ళు ఆడిస్తూనే ఉంటాడు. జబ్బు ముదిరిందనుకుని మందు పెంచితే అది ఇంకా ఎక్కువవుతుంది. "మనసులో కంగారా, కాళ్ళల్లో కంగారా?" అని అడగండి. కాళ్ళల్లో అంటే అకథీసియా అని అనుమానించి డాక్టరుకు చెప్పండి.

ఒళ్ళు కట్టెలా బిగుసుకుని, దాంతోపాటు జ్వరం, చెమటలు, మగత ఉంటే అది వేరే. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. తర్వాతి డోసు ఇవ్వకుండా ఆపి డాక్టరును పిలవండి.

లిథియం వాడుతున్నాను. అలిపిరి నుంచి నడిచి కొండెక్కొచ్చా?

తిరుపతిలో తప్ప ఇంకెక్కడా రాని ప్రశ్న ఇది. పాఠ్యపుస్తకంలో జవాబు దొరకదు కాబట్టి వివరంగా చెప్తాను.

ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం మంచి మందు. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ దీని గుణం బయటపెట్టాడు. చిక్కేమిటంటే పనిచేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య దూరం తక్కువ. రక్తపరీక్ష రిపోర్టులో (mEq/L లెక్కలో) 0.6 నుంచి 1.2 మధ్య ఉంటే మేలు, 1.5 దాటితే ప్రమాదం. కిడ్నీలకు ఉప్పుకూ లిథియానికీ తేడా సరిగా తెలియదు. ఒంట్లో ఉప్పు, నీళ్ళు తగ్గితే రెండింటినీ కలిపి పట్టి ఉంచుకుంటాయి. అప్పుడు వేసుకున్నది అవే మాత్రలైనా రక్తంలో స్థాయి పైకెక్కుతుంది.

ఇప్పుడు మే నెల ఎండ తలుచుకోండి. మొక్కు కాబట్టి పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. 3,550 మెట్లు. మోకాళ్ళపర్వతం దాటేసరికి చొక్కా పిండితే నీళ్ళు. పైకెక్కాక మోకాళ్ళు నొప్పని మందుల షాపులో డైక్లోఫెనాకో, ఐబుప్రొఫేనో కొనుక్కుని వేసుకున్నారు. ఆ నొప్పి మాత్రలు కూడా లిథియం స్థాయిని పెంచుతాయి. ఉపవాసం, చెమట, నొప్పిమాత్ర మూడూ ఒకేరోజు పడ్డాయి. మర్నాడు వాంతులు, విరేచనాలు, చేతులు పెద్దగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం మొదలైతే ఇంటివాళ్ళు వడదెబ్బ అనుకుంటారు. లిథియం ఆపి, అదే పూట ఆసుపత్రికి వచ్చి రక్తపరీక్ష చేయించాలి.

వెళ్ళొద్దని నేనెప్పుడూ అనలేదు, అన్నా ఎవరూ వినరు. చెప్పేదిది: డాక్టరుకు చెప్పి వెళ్ళండి. ఎండకాలం మానుకుని చలికాలం పెట్టుకోండి. ఉపవాసం వద్దు. దారిలో ఉప్పేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. అలాగని అంతకుముందు వారమంతా ఉప్పు మానేసి ఆ రోజు గుప్పెడు తినకండి, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఇంకోటి వద్దు. రక్తపరీక్ష ఉన్నరోజు చివరి మాత్రకూ రక్తం తీయడానికీ మధ్య 12 గంటలుండాలి. పొద్దుటి మాత్ర వేసుకుని ల్యాబుకు వెళ్తే వచ్చే అంకె అబద్ధం చెప్తుంది.

క్లోజపిన్ వాడేవాళ్ళకు గొంతు నొప్పి వస్తే అంత కంగారెందుకు?

వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే ఆ మందు కొద్దిమందిలో తెల్లరక్తకణాలను పడేస్తుంది. అందుకే మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. గొంతు నొప్పి, జ్వరం వస్తే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా అదేరోజు పరీక్ష చేయించండి.

కరెంటు పెడతారట కదా?

సినిమాల్లో చూపించినట్టు కాదు. ఈసీటీ, అంటే మెదడుకు కొద్దిసేపు కరెంటు ఇచ్చే చికిత్స, ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చాకే చేస్తారు. అవి లేకుండా చేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. అన్నం నీళ్ళు మానేసిన తీవ్ర డిప్రెషన్‌కూ, బొమ్మలా బిగుసుకుపోయే కెటటోనియాకూ ఇది చాలా బాగా పనిచేస్తుంది. పిల్లలకైతే గార్డియన్ అంగీకారంతో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కూడా ఉండాలి.

నర్సు పని ముందురోజే మొదలవుతుంది. తలంటు పోయించాలి, నూనె రాయకూడదు. ఇంటి నుంచి వచ్చిన అత్తగారు ప్రేమగా కొబ్బరినూనె పట్టించేస్తారు, కాపలా కాయాలి. ఆరేడు గంటల ముందునుంచి ఏమీ తినిపించకూడదు. కట్టుడు పళ్ళు, పిన్నులు, నగలు తీయాలి. తాళి తీయమంటే చాలామంది ఏడుస్తారు. భర్త చేతికో, అమ్మ చేతికో వాళ్ళే ఇచ్చేలా కాస్త సమయం ఇవ్వండి, మీరు చెయ్యి వేయకండి. అయ్యాక పక్కకు తిప్పి పడుకోబెట్టి, కళ్ళు తెరవగానే పేరు, చోటు, వేళ చెప్పండి. కాసేపు తికమక, తలనొప్పి, ఆ పూట సంగతులు గుర్తు లేకపోవడం మామూలే. "నన్ను గుర్తుపట్టావా?" అని ఇంటివాళ్ళు వరసపెట్టి అడుగుతారు, ఆపండి.

అదుపు తప్పినవాణ్ణి కట్టేయొచ్చా?

గొలుసు ఎట్టి పరిస్థితుల్లోనూ, ఎవరూ వేయకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో తప్పించుకోలేక చనిపోయారు. అది మన పక్క రాష్ట్రమే. గదిలో ఒంటరిగా బంధించడం కూడా నిషేధమే. తనకో పక్కవాళ్ళకో అప్పటికప్పుడు హాని జరగబోతుంటే, వేరే దారి లేకపోతే, సైకియాట్రిస్టు అనుమతితో అవసరమైనంతసేపే మెత్తని కట్లు వేయొచ్చు. శిక్షగా వేయకూడదు. సిబ్బంది తక్కువన్న కారణంతోనూ వేయకూడదని చట్టంలో ప్రత్యేకంగా రాశారు. ఆ వాక్యం రాసినాయన ఎప్పుడో నైట్ డ్యూటీ చూసే ఉంటాడు. కట్టాక నాడి, వేళ్ళ రంగు, నీళ్ళు, మూత్రం, అన్నీ చూస్తూ టైముతో సహా రాయాలి.

అంతదాకా రాకుండా ఆపేది నర్సు కన్నే. అటూ ఇటూ పచార్లు, బిగిసిన పిడికిళ్ళు, పెరిగే గొంతు కనపడగానే చుట్టూ ఉన్న గుంపును పంపేయండి. ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, రెండు చేతుల దూరంలో, తలుపు మీవైపు ఉండేలా నిలబడి తగ్గు గొంతుతో మాట్లాడండి.

అయితే వీళ్ళు కొడతారా? మా అమ్మ ఈ పోస్టింగు వద్దంటోంది.

ఎక్కువమంది ఎవరినీ కొట్టరు. బయట వాళ్ళు దెబ్బలు తినడమే ఎక్కువ. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తగిలింది ఒక స్టీలు గ్లాసు, అదీ గురి నా మీద కాదు.

ఒప్పుకోని మనిషిని ఆసుపత్రిలో ఎలా చేర్చాలి?

తనంతట తాను చేరడమే చట్టం మొదట కోరేది. తన మంచిచెడ్డలు తేల్చుకోలేని స్థితిలో, తనకో ఇతరులకో ప్రమాదం ఉంటే, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున నిర్ణయాల్లో సాయపడే మనిషి) దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకుంటే 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఇలా చేర్చుకుంటే మూడు రోజుల్లో, మిగతావాళ్ళనైతే ఏడు రోజుల్లో బోర్డుకు తెలపాలి. మత్తుమందు కలిపిన కూల్‌డ్రింక్ తాగించి తీసుకురావద్దు, దయచేసి. తర్వాత జీవితాంతం మీ చేతి కాఫీ తాగడు.

ఎక్కడికి అంటే, తిరుపతిలో రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఉంది. చిత్తూరు వాళ్ళు దగ్గరని వేలూరు సీఎంసీ వాళ్ళ బాగాయం సెంటర్‌కూ, కొందరు బెంగళూరు నిమ్హాన్స్‌కూ పోతారు. రాష్ట్ర ప్రభుత్వ మానసిక వైద్యశాల విశాఖలో ఉంది. నా చిన్నప్పుడు చిత్తూరు వైపు ఎవరినైనా ఎగతాళి చేయాలంటే 'కీల్‌పాక్కు పంపాల' అనేవాళ్ళు, మద్రాసు పిచ్చాసుపత్రి ఉన్న చోటు అది. ఇప్పుడంత దూరం పోనక్కర్లేదు.

బస్టాండులో, అలిపిరి దగ్గర తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ళ సంగతేంటి?

దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే ఊరు కాబట్టి తప్పిపోయినవాళ్ళూ, వదిలేసి వెళ్ళినవాళ్ళూ ఇక్కడ ఎక్కువగానే కనిపిస్తారు. ఇలాంటివాళ్ళను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసుల బాధ్యత, 2017 చట్టం 100వ సెక్షన్. లాకప్‌లో పెట్టకూడదు, తప్పిపోయిన మనిషిగా కేసు రాసి కుటుంబాన్ని వెతకాలి.

వార్డులో మాకు ఎదురయ్యే మొదటి చిక్కు భాష. మాట్లాడని మనిషి చేతిలో నాలుగైదు బిస్కెట్లు పెట్టి లెక్కపెట్టమని సైగ చేయండి. మనిషి ఎన్ని భాషలు నేర్చినా లెక్క పెట్టేది సాధారణంగా అమ్మ భాషలోనే. 'ఏక్, దోన్, తీన్' అని ఒకామె గొణగడంతో మహారాష్ట్ర అని తెలిసింది. ఊరి పేరు తర్వాత రెండు వారాలకు వచ్చింది.

వార్డుకు ఫోన్ చేసి "ఆ అమ్మాయికి సంబంధం చూస్తా ఉండాం, జబ్బేంటో చెప్పండమ్మా" అంటారు. ఏం చెప్పాలి?

'ఇక్కడ ఎవరు చేరారో, చేరలేదో కూడా ఫోన్లో చెప్పం' అని పెట్టేయండి. 'అలాంటిదేమీ లేదులెండి' అని మంచికి అబద్ధమాడినా, ఆ అమ్మాయి ఇక్కడుందని ఒప్పుకున్నట్టే.

తాయెత్తు కట్టించాలంటున్నారు, గుడిలో నిద్ర చేయించాలంటున్నారు. వద్దనాలా?

కొట్టడం, పొగ పెట్టడం, మందు మాన్పించడం లేకపోతే నాకేమీ అభ్యంతరం లేదు. "గుడికి పోయేటప్పుడు మాత్రల కవరు కూడా తీసుకుపోండి" అని మాత్రం అంటాను. నమ్మకంతో గొడవ పెట్టుకున్న నర్సు దగ్గరికి ఆ కుటుంబం మళ్ళీ రాదు.

డిశ్చార్జి అయ్యాక?

మాత్రలు రోగి చేతికి కాకుండా ఇంట్లో ఒకరి చేతికి, పది పదిహేను రోజులకు సరిపడా ఇవ్వండి. బాగుంది కదా అని ఆపడంతోనే చాలామంది తిరిగొస్తారు. నిద్ర తగ్గడం జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తు అని నేర్పండి. జబ్బు ఏళ్ళ తరబడి ఉండి పని చేసుకోలేకపోతే, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సదరం సర్టిఫికెట్ ద్వారా సాయాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియని ఇళ్ళే ఎక్కువ.

ఈ పని నేర్చుకోవాలంటే ఏం చదవాలి?

జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. బీఎస్సీ కొత్త సిలబస్‌లో ఈ సబ్జెక్టు ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. తర్వాత ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా గానీ, రెండేళ్ళ ఎమ్మెస్సీ సైకియాట్రిక్ నర్సింగ్ గానీ.

మొదటిరోజు ఏం తెచ్చుకోవాలి?

పెన్ను, చిన్న నోట్‌బుక్, గంటలూ నిమిషాలూ సరిగా చూపించే వాచీ. కత్తెర, పిన్నీసులు, గాజు సీసాలు, పొడవాటి చున్నీ, మెడలో గొలుసు ఇంట్లో పెట్టి రండి. ఐడీ కార్డు తాడు లాగితే ఊడిపోయే రకం ఉండాలి. టిఫిను చేసి రండి. వార్డులోకి వెళ్ళగానే స్టేషన్లో గుమికూడకుండా, ఎవరైనా ఒకరి పక్కన కూర్చోండి. ఏమీ మాట్లాడకపోయినా సరే, అరగంట కూర్చుని లేచి వచ్చాక, ఆ అరగంటలో ఆ మనిషి రెండు చేతులూ ఏం చేశాయో రాసి నాకు చూపించండి.